అసలు, వడ్డీ, వాతావరణం

ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిస్తే లోకానికి జరిగే నష్టం ఎంత? ఈ ఒక్క ప్రశ్నకి అమెరికా ప్రభుత్వం పదేళ్ల లోపే మూడు జవాబులు చెప్పింది. ఒబామా పాలన చివర్లో ఆ నష్టం దాదాపు 50 డాలర్లు అన్నారు. ట్రంప్ మొదటిసారి అధికారంలో ఉన్నప్పుడు అది 1 నుంచి 7 డాలర్ల మధ్యకి పడిపోయింది. 2023 చివర్లో, బైడెన్ హయాంలో, అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 190 డాలర్లని తేల్చింది. 2025 జనవరి 20న ట్రంప్ మళ్లీ పదవిలోకి వచ్చిన రోజే, ఈ లెక్క కట్టే బృందాన్ని రద్దు చేస్తూ సంతకం పెట్టారు.

టన్ను మారలేదు. గాలి మారలేదు. మధ్యలో సైన్సు కొంత మెరుగుపడిన మాట నిజమే గానీ, 1 డాలరు ఎక్కడ, 190 డాలర్లు ఎక్కడ? ఇంత తేడా సైన్సు వల్ల రాలేదు. ముఖ్యంగా రెండు నిర్ణయాలు మారాయి. దేశం బయట జరిగే నష్టాన్ని కలపాలా వద్దా అన్నది ఒకటి. ఎప్పుడో జరగబోయే నష్టాన్ని ఇవాళ్టి విలువలోకి తేవడానికి ఏ వడ్డీ రేటు వాడాలి అన్నది రెండోది. ట్రంప్ కాలంలో అమెరికా లోపలి నష్టాన్ని మాత్రమే తీసుకుని 3 శాతం, 7 శాతం రేట్లతో లెక్క వేశారు. 190 డాలర్లు తేల్చినవాళ్లు ప్రపంచం మొత్తం నష్టాన్ని తీసుకుని 2 శాతంతో లెక్క వేశారు.

వాతావరణ మార్పుని ఎదుర్కోవడానికి ఎంత ఖర్చవుతుంది, అంత ఖర్చు మనం భరించగలమా అని ప్రపంచమంతా వాదించుకుంటోంది. ఈ వాదనల్లో ఏ లెక్కని విప్పి చూసినా అడుగున ఒక వడ్డీ రేటు కనిపిస్తుంది. రేపటి తరాల నష్టానికి ఇవాళ విలువ కట్టేది వడ్డీ రేటే. సోలార్ కరెంటు చవకా, ఖరీదా తేల్చేదీ అదే. తుపాను దెబ్బతిన్న దేశం మళ్లీ లేచి నిలబడుతుందా, అప్పుల్లో కూరుకుపోతుందా అన్నది కూడా చాలావరకు దాని చేతిలోనే ఉంది. ఈ కొస పట్టుకుని లాగితే చిక్కుముడి చాలామటుకు విడుతుందని నా నమ్మకం.

నూరేళ్ల తర్వాతి నష్టం

బ్యాంకులో వేసిన డబ్బు వడ్డీతో పెరుగుతుంది. అదే లెక్కని వెనక్కి నడిపిస్తే దాన్ని డిస్కౌంటింగ్ అంటారు. వడ్డీ 5 శాతం అనుకుందాం. నూరేళ్ల తర్వాత 100 డాలర్లు చేతికి రావాలంటే ఇవాళ 76 సెంట్లు దాస్తే చాలు. కాబట్టి నూరేళ్ల తర్వాత జరగబోయే 100 డాలర్ల నష్టాన్ని ఆపడానికి ఇవాళ 76 సెంట్ల కంటే ఎక్కువ ఖర్చు పెట్టడం దండగ అని ఆ లెక్క చెబుతుంది. ఇప్పుడు రేటుని 1.4 శాతానికి దించి చూడండి. అదే నష్టం విలువ ఇవాళ 25 డాలర్లు అవుతుంది. ముప్పై రెట్లకి పైగా పెరిగింది. జరగబోయే నష్టం అంచనాలో మాత్రం ఒక్క సెంటు కూడా మారలేదు.

1.4 శాతం నేను ఊరికే ఎంచుకున్నది కాదు. 2006లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో నికొలస్ స్టెర్న్ వాడిన రేటు అది. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే ఏటా ప్రపంచ జీడీపీలో కనీసం 5 శాతం, ప్రమాదాలన్నీ కలుపుకుంటే 20 శాతం దాకా పోగొట్టుకుంటామనీ, నివారణకి మాత్రం ఏటా 1 శాతం ఖర్చు పెడితే సరిపోతుందనీ ఆయన చెప్పారు. యేల్ ప్రొఫెసర్ విలియం నార్డ్‌హౌస్ ఈ లెక్క ఒప్పుకోలేదు. ఆయన వాడే రేటు 4 శాతానికి పైమాటే. ఆయన లెక్కలో, ఇప్పుడు కొద్దిగా మొదలుపెట్టి మెల్లగా వేగం పెంచడమే లాభసాటి. అలా వెళ్తే 2100 నాటికి భూమి 3 డిగ్రీలకి పైగా వేడెక్కుతుంది. 2018 అక్టోబరు 8న ఆయనకి నోబెల్ ప్రకటించారు. వేడి 1.5 డిగ్రీలు దాటితే ఏమవుతుందో వివరించిన ఐపీసీసీ (ఐక్యరాజ్య సమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం) నివేదిక బయటికి వచ్చింది కూడా అదే రోజు. ఆర్థికశాస్త్రం, వాతావరణ శాస్త్రం ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో ఆ ఒక్క రోజు చూస్తే అర్థమవుతుంది.

అయితే నార్డ్‌హౌస్ వాదనని తేలిగ్గా తీసిపారెయ్యడం సరికాదు. ఆయన అనేది ఇది: ఈ డబ్బుని చదువులో, పరిశ్రమల్లో పెడితే 4, 5 శాతం రాబడి వస్తుంది. అలా పెట్టి తర్వాతి తరాన్ని ధనవంతుల్ని చేస్తే, వేడిని తట్టుకునే మార్గాలు వాళ్లే కొనుక్కుంటారు. పైగా చరిత్ర చూస్తే ప్రతి తరమూ ముందు తరం కన్నా సంపన్నంగానే ఉంది. ఉన్నవాడి కోసం లేనివాడు ఎందుకు త్యాగం చెయ్యాలి?

మంచి ప్రశ్నే. కానీ ఆ వాదనలో మూడు చోట్ల బీటలు కనిపిస్తాయి నాకు. ఇవాళ మిగిలిన డబ్బు ఒక దేశంలో పోగుపడుతుంది, నష్టం ఇంకో దేశంలో జరుగుతుంది. ఇక్కడ ధనవంతుడైనవాడు వెళ్లి అక్కడ మునిగిపోయినవాడి చెయ్యి పట్టుకుంటాడన్న హామీ ఏమీ లేదు. రెండోది, కరిగిపోయిన మంచుఫలకాన్నీ చచ్చిపోయిన పగడపు దిబ్బనీ ఎంత డబ్బున్నా తిరిగి కొనలేం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సంపద ఎప్పట్లా పెరుగుతూనే పోతుందని ముందే అనుకుని రేటు నిర్ణయిస్తున్నాం. వేడి ఆ పెరుగుదలనే దెబ్బతీస్తే రేటుకి ఆధారం పోతుంది.

వడ్డీ రేటులో ఇంకో భాగం ఉంది. భవిష్యత్తువాళ్లు సంపన్నులవుతారన్న అంచనాతో సంబంధం లేకుండా, కేవలం తర్వాత పుట్టినందుకు వాళ్ల సుఖదుఃఖాలకి విలువ తగ్గించడం. కేంబ్రిడ్జ్ గణిత శాస్త్రవేత్త ఫ్రాంక్ రామ్సే 1928లోనే దీన్ని పట్టుకున్నాడు. అలా తగ్గించడాన్ని నైతికంగా సమర్థించలేమనీ, మన ఊహాశక్తి బలహీనంగా ఉండటం వల్లే అలా చేస్తామనీ రాశాడు. ఆ తర్వాత రెండేళ్లు కూడా బతకలేదు, 26 ఏళ్లకే పోయాడు. డిస్కౌంటింగ్ చర్చంతా ఇప్పటికీ ఆయన వేసిన సూత్రం మీదే నడుస్తోంది.

అసలు కన్నా వడ్డీ ముద్దు అని మనవళ్ల గురించి అంటాం. మనసులో ఉన్న ఆ మాట లెక్కల్లోకి వచ్చేసరికి తిరగబడుతోంది. రేటు ఎంత ఎక్కువ పెడితే మనవళ్ల కాలం అంతగా చిన్నదైపోతుంది, వాళ్ల మనవళ్ల కాలం దాదాపు సున్నా అవుతుంది. రేటు ఎంతో చెప్పడం ఆర్థికవేత్త పని అని వదిలేస్తున్నాం గానీ, అది ప్రజలందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

హార్వర్డ్‌లో పనిచేసిన మార్టిన్ వైట్జ్‌మన్ ఈ గొడవని ఇంకో వైపు నుంచి చూశారు. సగటు నష్టం ఎంత అన్నది కాదు, ఘోరం జరిగే అవకాశం ఎంత అన్నది చూడమన్నారు. అగ్నిప్రమాద బీమా చేయించుకునేవాళ్లు సగటు లెక్క చూసుకుని చేయించుకోరు. ఇల్లు తగలబడటం చాలా అరుదు. అయినా జరిగితే తట్టుకోలేమని కడతారు. 5, 6 డిగ్రీల వేడి వచ్చే అవకాశం చిన్నదే అయినా, అలాంటి భూమి మీద జీవితానికి విలువ కట్టే పద్ధతి ఏ నమూనాలోనూ లేదు. ఇలా చూస్తే నివారణ ఖర్చు అంటే బీమా ప్రీమియం. నాకు అన్ని వాదనల్లోకీ ఇదే గట్టిదిగా అనిపిస్తుంది, ఎందుకంటే వడ్డీ రేటు మీద పోట్లాడుకునేవాళ్లు ఇద్దరూ దీన్ని ఒప్పుకోవచ్చు.

ధర పెట్టగానే సరిపోదు

నష్టం ఎంతో తేలిందే అనుకుందాం. వసూలు ఎలా? ఫ్యాక్టరీ పొగ వదిలితే నష్టపోయేది పక్కవాడు, లాభపడేది ఫ్యాక్టరీ. ఆ నష్టమంత పన్ను వేస్తే పొగ దానంతట అదే తగ్గుతుందని ఆర్థర్ పిగూ 1920లో చెప్పాడు. కార్బన్ పన్నుకి మూలం అది. ఇంకో పద్ధతి కూడా ఉంది. మొత్తం ఎంత పొగ వదలొచ్చో ప్రభుత్వమే పరిమితి పెట్టి, ఆ మేరకి పర్మిట్లు ఇచ్చి, కొనుక్కోండి అమ్ముకోండి అని వదిలేస్తుంది. పన్ను వేస్తే ధర మనకి తెలుస్తుంది, పొగ ఎంత తగ్గుతుందో తెలియదు. పర్మిట్లు ఇస్తే పొగ ఎంతో తెలుస్తుంది, ధర ఎక్కడికి పోతుందో తెలియదు.

స్వీడన్ 1991లో కార్బన్ పన్ను మొదలుపెట్టింది. అప్పుడు టన్నుకి 25 యూరోల లోపు. ఇప్పుడు 100 యూరోలు దాటింది. ఆర్థిక వ్యవస్థ పెరుగుతూనే ఉంది, ఉద్గారాలు తగ్గాయి. ఆ పన్ను వేసినప్పుడే ఆదాయ పన్ను తగ్గించడం, తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా పెంచడం, ఇళ్లని వెచ్చబెట్టుకోవడానికి చమురు బదులు వేరే దారి ముందే సిద్ధంగా ఉండటం అక్కడ కలిసొచ్చాయి.

యూరోపియన్ యూనియన్ 2005లో పర్మిట్ల బజారు తెరిచింది. మొదట అడిగినవాళ్లందరికీ పంచిపెట్టారు. 2007కల్లా పర్మిట్ ధర దాదాపు సున్నాకి వచ్చింది. తర్వాత ఆర్థిక మాంద్యంతో మళ్లీ మూలనపడింది. మిగులు పర్మిట్లని బజారు నుంచి వెనక్కి లాగే ఏర్పాటు 2019లో అమలు కాబోతోందని తేలాకే ధర కోలుకుంది. 2023 ఫిబ్రవరిలో మొదటిసారి 100 యూరోలు దాటింది. ఆ ఏడాదికి, ఆ బజారు పరిధిలోని విద్యుత్ కేంద్రాలు, పరిశ్రమల ఉద్గారాలు 2005 నాటితో పోలిస్తే దాదాపు 47 శాతం తగ్గాయి. పని చేసే విధానమే. కాకపోతే పద్నాలుగేళ్ల పాటు మరమ్మతులు చేస్తూ పోవాల్సి వచ్చింది.

ఇక కెనడా సంగతి. ఇది కాస్త దగ్గర నుంచి చూడాల్సిన విషయం. 2019లో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం పెట్రోలు, గ్యాసు మీద కార్బన్ చార్జీ వేసింది. వచ్చిన డబ్బులో దాదాపు 90 శాతం తిరిగి కుటుంబాలకే పంచింది. ఎక్కువ ఇంధనం కాల్చేది డబ్బున్నవాళ్లు, వాపసు మాత్రం ఒకే రాష్ట్రంలో ఒకే సైజు కుటుంబాలన్నిటికీ దాదాపు సమానం. అందుకే మామూలు కుటుంబాల్లో ఎక్కువమందికి కట్టినదానికన్నా తిరిగొచ్చినదే ఎక్కువ. ఆర్థికవేత్తలు పాఠాల్లో చెప్పే ఆదర్శ పథకం అది, అచ్చంగా అమలైంది.

అయినా నిలబడలేదు. పెట్రోలు బంకులో చార్జీ ప్రతి వారం కళ్ల ముందు కనిపిస్తుంది. వాపసు డబ్బు మొదట్లో ఆదాయ పన్ను రిటర్నులో ఒక గడిలో కలిసిపోయింది. 2022 నుంచి మూడు నెలలకోసారి బ్యాంకు ఖాతాలో పడింది గానీ, అది దేని డబ్బో తెలియని పేరుతో, ఒక్కో బ్యాంకులో ఒక్కో రకంగా కనిపించేది. ఆ డబ్బు ఖాతాలో పడుతూనే ఉంది, తమకేమీ రావట్లేదని జనం అనుకుంటూనే ఉన్నారు. 2024లో పేరు మార్చి, బ్యాంకులు స్పష్టంగా రాయాలని చట్టం తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. "ఆ పన్ను తీసెయ్యండి" అనేది ఎన్నికల నినాదమైంది. 2025 ఏప్రిల్ 1న మార్క్ కార్నీ ప్రభుత్వం ఆ చార్జీ ఎత్తేసింది. వాతావరణ ప్రమాదాల గురించి బ్యాంకుల్ని హెచ్చరించినవాళ్లలో కార్నీయే ముందున్నారన్నది గుర్తుంచుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక వరుస సరిగ్గా రాయకపోవడం ఇంత పని చేసిందని నేను అనను. కానీ ఆ వరుస గురించి మొదటి రోజే ఆలోచించి ఉండాల్సింది.

ఫ్రాన్స్‌లో జనం రోడ్డెక్కారు. 2018 నవంబరులో పసుపు చొక్కాల ఉద్యమం మొదలైంది. డీజిల్, పెట్రోలు పన్నుల పెంపు అందుకు నిప్పురవ్వ. అదే ఏడాది మొదట్లో సంపన్నుల ఆస్తిపన్నుని ప్రభుత్వం కుదించింది. పల్లెల్లో ఉండి, కారు లేకపోతే పనికి వెళ్లలేనివాళ్లకి ఆ రెండూ పక్కపక్కన కనిపించాయి. డిసెంబరులో పెంపు విరమించుకున్నారు. ఆ జనానికి వాతావరణం మీద కోపం అనుకుంటే పొరపాటు. భారం పంచిన తీరు మీద కోపం.

ఈలోగా రెండో చేత్తో ప్రభుత్వాలు చేస్తున్నది కూడా చెప్పాలి. 2022లో శిలాజ ఇంధనాలకి అందిన సబ్సిడీ 7 లక్షల కోట్ల డాలర్లని ఐఎంఎఫ్ లెక్క కట్టింది. ఈ అంకెని చాలామంది అర్థం చేసుకోకుండా వాడేస్తుంటారు. అందులో ప్రభుత్వాలు నిజంగా ధర తగ్గించి ఇచ్చింది 1.3 లక్షల కోట్లు. మిగతాదానిలో ఎక్కువ భాగం, పొగ వల్ల జరిగే నష్టాన్ని వసూలు చెయ్యకుండా వదిలేసిన మొత్తం. రెండూ నిజమే, కానీ రెండూ ఒకటి కాదు.

వడ్డీ తగ్గించిన హామీ

కార్బన్ పన్ను తడబడుతున్న కాలంలో పని ఎక్కువ చేసింది వేరే విధానం. జర్మనీ 2000లో ఒక చట్టం తెచ్చింది. ఎవరైనా ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టి కరెంటు పంపితే, 20 ఏళ్ల పాటు ముందే చెప్పిన ధరకి కొంటామని హామీ ఇచ్చింది. దీన్ని అందరూ సబ్సిడీ అంటారు, అది నిజమే. కానీ దానిలో ఉన్న మంత్రం ధరది మాత్రమే కాదు. 20 ఏళ్ల రాబడి ఖాయమని కాగితం మీద ఉంటే బ్యాంకు భయపడదు, తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. మామూలు ఇళ్లవాళ్లు, రైతులు కూడా పెట్టుబడిదారులయ్యారు. ఆ గిరాకీ చూసి చైనా ఫ్యాక్టరీలు కట్టింది, తర్వాత ఎవరూ ఊహించనంత పెద్దవి కట్టింది.

1970ల మధ్యలో వాటుకి 100 డాలర్లకి పైన ఉన్న ప్యానెల్ ధర (ఇప్పటి విలువలో) 2019కల్లా 40 సెంట్ల లోపుకి వచ్చింది. మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ధర దాదాపు 20 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. బ్యాటరీలదీ అదే దారి: 2010లో కిలోవాట్ అవర్‌కి 1,000 డాలర్లు పైన, 2024లో 115 డాలర్లు. చేస్తూ చేస్తూ నేర్చుకోవడం వల్ల వచ్చిన తగ్గుదల ఇది. మొదట కొన్నవాడు ఎక్కువ పెట్టి కొన్నాడు, ఆ ఫలితం తర్వాతివాళ్లందరికీ దక్కింది. జర్మన్ ఇళ్లు ఇరవై ఏళ్లకి పైగా కరెంటు బిల్లులో సర్‌చార్జీ కట్టాయి. 2022 జులైలో అది ఎత్తేశారు. ప్రపంచంలో ఎక్కడో ఎండలో మెరుస్తున్న ప్రతి ప్యానెల్ వెనకా వాళ్లు కట్టిన డబ్బు కొంత ఉంది. ఈ విషయంలో ఆ దేశానికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా బాధ.

మరి ప్యానెల్ ఇంత చవకైతే ఎండ బాగా కాసే పేద దేశాల్లో అంతటా సోలార్ ఎందుకు రాలేదు? మళ్లీ వడ్డీ దగ్గరికే వచ్చాం. ఈ లెక్క ఒకసారి చేతితో వేసి చూడండి, ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

ఒక కిలోవాట్ సోలార్ ప్లాంటుకి 1,000 డాలర్లు అనుకుందాం. ఏడాదికి 1,600 యూనిట్ల కరెంటు, 25 ఏళ్ల ఆయుష్షు. ఎండకి బిల్లు రాదు కాబట్టి ఖర్చంతా మొదట్లోనే, అదీ అప్పుతోనే. 3 శాతం వడ్డీకి దొరికితే ఏటా 57 డాలర్ల వాయిదా కట్టాలి. యూనిట్‌కి 3.6 సెంట్లు పడుతుంది. అదే 12 శాతం అయితే వాయిదా 127 డాలర్లు, యూనిట్‌కి దాదాపు 8 సెంట్లు. ప్యానెల్ అదే, సూర్యుడు అదే. 25 ఏళ్లలో మొదటివాడు మొత్తం 1,436 డాలర్లు కడతాడు, రెండోవాడు 3,187 డాలర్లు. గ్యాసు, బొగ్గు ప్లాంట్లకి వడ్డీ దెబ్బ ఇంత తగలదు, ఎందుకంటే వాటి ఖర్చులో ఎక్కువ భాగం ఇంధనానిది, అది ఏ నెలకి ఆ నెల కాల్చుకుంటూ కట్టుకోవచ్చు. అంటే వడ్డీ ఎక్కువున్న దేశంలో లెక్క తెలిసినవాడు కూడా పొగ వైపే మొగ్గుతాడు. అది తెలివితక్కువతనం కాదు.

వర్ధమాన దేశాల్లో ఇలాంటి ప్రాజెక్టులకి పెట్టుబడి ఖరీదు సంపన్న దేశాల కన్నా రెండింతలు, అంతకి మించి ఉంటుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెబుతూనే ఉంది. అప్పు డాలర్లలో, కరెంటు బిల్లుల ఆదాయం సొంత కరెన్సీలో. కరెన్సీ విలువ పడితే అప్పు దానంతట అదే పెరుగుతుంది. కరెంటు కొనే సంస్థ సమయానికి డబ్బు చెల్లిస్తుందా అన్న అనుమానం ఇంకోటి. ఈ భయాలన్నిటినీ కలిపి బ్యాంకు వడ్డీలో వేస్తుంది.

సంపన్న దేశాలకి కూడా ఈ నొప్పి తెలిసొచ్చింది. 2022 తర్వాత కేంద్ర బ్యాంకులు రేట్లు పెంచగానే సముద్రంలో కట్టే గాలిమరల లెక్కలు తారుమారయ్యాయి. 2023 అక్టోబరు చివర్లో డెన్మార్క్ కంపెనీ ఆర్‌స్టెడ్ న్యూజెర్సీ తీరంలోని రెండు పెద్ద ప్రాజెక్టుల్ని వదిలేసుకుంది. చెప్పిన కారణాల్లో వడ్డీ రేట్లు ఒకటి. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వేసిన మందు బొగ్గు కన్నా గాలికే ఎక్కువ తగిలింది.

ఎవరి డబ్బు, ఏ షరతు మీద

2009లో కోపెన్‌హాగన్‌లో జరిగిన వాతావరణ సదస్సులో సంపన్న దేశాలు మాటిచ్చాయి: 2020కల్లా పేద దేశాలకి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని. సంపన్న దేశాల సంఘమైన ఓఈసీడీ లెక్కల ప్రకారమే అది రెండేళ్లు ఆలస్యంగా 2022లో నెరవేరింది. అందులో ప్రభుత్వాల డబ్బు చూస్తే మూడింట రెండు వంతులకి పైగా అప్పుల రూపంలో ఉంది. అప్పుని సాయం అని పిలవడం దగ్గరే పేచీ అంతా. కరెంటు ప్లాంటుకి అప్పిస్తే కరెంటు అమ్మి తీర్చొచ్చు. కరకట్టకి అప్పిస్తే ఏం అమ్మి తీరుస్తారు?

2024లో బాకూ సదస్సులో కొత్త లక్ష్యం పెట్టారు, 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు. చాలా వర్ధమాన దేశాలు ఇది చాలదని అక్కడికక్కడే నిరసన తెలిపాయి. 2021లో దక్షిణాఫ్రికాకి బొగ్గు నుంచి బయటపడటానికి 850 కోట్ల డాలర్లు ఇస్తామన్న ఒప్పందం అప్పట్లో నమూనాగా చూపించారు. దానిలోనూ గ్రాంటు వాటా చాలా చిన్నది. 2025లో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది.

యూరప్ ఇంకో దారి పట్టింది. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువుల్లాంటి దిగుమతుల మీద 2026 జనవరి నుంచి సరిహద్దు కార్బన్ చార్జీ అమలు చేస్తోంది. సొంత కంపెనీలు కార్బన్ ధర కడుతుంటే, కట్టని దేశాల సరుకు చవగ్గా వచ్చి పడకూడదన్నది వాళ్ల న్యాయం. ఎగుమతి చేసే దేశాలు దీన్ని ముసుగు వేసుకున్న సుంకం అంటాయి. ఇందులో ఒక కిటుకు ఉంది: సరుకు తయారైన దేశంలోనే కార్బన్ ధర కట్టి ఉంటే దాన్ని మినహాయిస్తారు. అందువల్ల ఆ డబ్బు యూరప్‌కి పోయే బదులు మన ఖజానాలోనే పడనిద్దాం అని చాలా దేశాలు సొంత కార్బన్ బజార్లు మొదలుపెడుతున్నాయి. ఇది అన్యాయమా, తెలివైన ఒత్తిడా అంటే రెండూ అంటాను. వసూలైన డబ్బు పేద దేశాల పరిశ్రమల మార్పుకే తిరిగి ఇస్తే అన్యాయం పాలు తగ్గుతుంది.

వేడిని తగ్గించడానికి డబ్బు దొరకడమే ఇంత కష్టమైతే, వచ్చేసిన వేడిని తట్టుకోవడానికి దొరకడం ఇంకా కష్టం. అందులో లాభం కనిపించదు కాబట్టి. 1970 తుపానులో ఇప్పటి బంగ్లాదేశ్‌లో కనీసం 3 లక్షల మంది చనిపోయారు. 2007లో సిద్ర్ తుపాను వచ్చినప్పుడు మృతులు 3,000 పైచిలుకు. మధ్యలో జరిగింది కాంక్రీటు షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, సైకిళ్ల మీద ఊరూరా తిరిగి మైకులో చెప్పే వలంటీర్లు. ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని ప్రాణాలు నిలిపిన పెట్టుబడి అరుదు. అయినా దాని మీద ఎవరికీ డివిడెండు రాదు, కాబట్టి ప్రైవేటు పెట్టుబడి అటు చూడదు. ప్రభుత్వాలే పెట్టాలి, ఆ ప్రభుత్వాలు అప్పటికే అప్పుల్లో ఉంటాయి.

గ్రెనడా కథ ఇక్కడే వస్తుంది. కరీబియన్ సముద్రంలో చిన్న దేశం. 2004లో ఇవాన్ తుపాను అక్కడ చేసిన నష్టం ఆ దేశ వార్షిక జీడీపీకి రెండింతలు. కట్టుకోవడానికి అప్పు చేశారు, పాత అప్పు కట్టలేకపోయారు. 2013లో మళ్లీ చెల్లింపులు ఆపేశారు. 2015లో అప్పులవాళ్లతో కూర్చుని బాండ్ల షరతులు తిరగరాసుకున్నప్పుడు గ్రెనడా ఒక కొత్త షరతు పెట్టించింది: నిర్ణీత స్థాయికి మించి తుపాను నష్టం జరిగితే కొన్ని వాయిదాలు తర్వాతకి జరుపుకోవచ్చు.

2024 జులై 1న బెరిల్ తుపాను గ్రెనడాకి చెందిన కరియకూ దీవిని తాకింది. ఆ ఏడాదే ప్రభుత్వం ఆ షరతుని వాడుకుంది. అప్పు మాఫీ కాలేదు. వాయిదా పడిన వడ్డీ అసలులో కలుస్తుంది, తర్వాత కట్టాల్సిందే. కానీ ఇళ్ల పైకప్పులు లేచిపోయిన ఆ నెలల్లో, కొత్త అప్పు కోసం ఎవరినీ బతిమాలక్కర్లేకుండా, దేశం దాటి వెళ్లాల్సిన డబ్బు దేశంలోనే ఉండిపోయింది. ప్రపంచ బ్యాంకు 2023 నుంచి చిన్న దేశాలకి ఇచ్చే రుణాల్లో ఇలాంటి షరతు పెడుతోంది. ప్రైవేటు అప్పుల పత్రాల్లో అది ఇప్పటికీ చాలా కొద్ది చోట్లే ఉంది.